పురుగు రాసిన అక్షరం

తాటిచెట్టు మీద కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలినందుకు పండు పడిందా, పండు పడుతుందని తెలిసి కాకి వాలిందా? రెండూ కావు. ఊరికే అలా కలిసొచ్చింది. దీనికి మన పెద్దలు పెట్టిన పేరు ‘కాకతాళీయం’. ఈ మాటను ఏ పండితుడు ఎక్కడ కూర్చుని పుట్టించాడో గానీ, గుడివాడ దాటి బందరు వైపు వెళ్తూ కాలవగట్ల మీద తాళ్లను, వాటి మీద తీరిగ్గా కూర్చున్న కాకులను చూస్తే ఇక్కడే పుట్టిందేమో అనిపిస్తుంది.

ఇలాంటిదే ఇంకో న్యాయం ఉంది. కర్రను తొలిచే పురుగు తన తిండి కోసం తాను తొలుచుకుంటూ పోతుంది. ఆ గీతల్లో ఎక్కడో ఒకచోట అక్షరం లాంటిది ఏర్పడుతుంది. పురుగుకి చదువు రాదు. రాయాలన్న కోరికా లేదు. అయినా అక్షరం పడింది. ఇది ‘ఘుణాక్షర న్యాయం’. ఘుణం అంటే కర్రను తొలిచే పురుగు. ‘ఏదో గుడ్డిగా తగిలిందిలే’ అని ఎదుటివాడి గొప్పను తీసిపారేయడానికి ఈ మాట వాడుతుంటారు. కానీ ఆ కథలో పురుగుతోపాటు ఇంకొకరు కూడా ఉన్నారు. కర్రను అటూ ఇటూ తిప్పి, ‘అరె... ఇది అక్షరంలా ఉందే!’ అన్న మనిషి. ఆ మనిషే లేకపోతే అది ఉత్త పుచ్చుకర్ర. పొయ్యిలోకి పోయేది.

ఇంగ్లీషువాళ్లకు ఇలాంటి మాట 1754లో గానీ దొరకలేదు. హోరేస్ వాల్పోల్ అనే రచయిత తన స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ‘సెరెండిపిటీ’ అన్న మాట కట్టాడు. సెరెండిప్ అంటే సింహళం. ఆ దేశపు రాకుమారులు ముగ్గురు, తాము వెతకని వాటిని దారిలో కనుక్కుంటూ పోయే పారశీక కథ ఒకటి ఆయన చదివాడు. అందులోంచి తీశాడు ఆ మాటను. తీస్తూ ఒక షరతు కూడా పెట్టాడు... అదృష్టం ఒక్కటే చాలదు, పసిగట్టే తెలివి కూడా ఉండాలని. మన పుచ్చుకర్రను తిప్పి చూసిన మనిషి ఆయనకూ అవసరమే అయ్యాడన్నమాట.

కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే ముందు తడిపే ఈ చివరి ముక్కలో, గుడివాడ నుంచి దివిసీమ దాకా, అలాంటి మనుషులు కాస్త ఎక్కువమందే తగులుతారు. సినిమా హీరో దగ్గర్నుంచి జాతీయజెండా దాకా, చీర మీది పువ్వు నుంచి ప్రబంధం దాకా ఎన్నో అనుకోకుండా అందిన నేల ఇది. ఆ చూపు ఇప్పుడూ మిగిలి ఉందా అన్నది వేరే ప్రశ్న.

ప్లాట్‌ఫారం మీద రాముడు

గుడివాడ చుట్టుపక్కల ఎవర్ని కదిపినా మొదట వచ్చే పేరు అక్కినేని నాగేశ్వరరావు. 1924 సెప్టెంబరు 20న ఇక్కడికి దగ్గర్లోని రామాపురంలో రైతు కుటుంబంలో పుట్టాడు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం అరుదైన ఆ రోజుల్లో ఆడవేషాలు వేసి నాటకాల్లో పేరు తెచ్చుకున్నాడు. 1941లో ‘ధర్మపత్ని’ సినిమాలో చిన్న వేషం దొరికినా, అది దొరికీ దొరకనట్టే. అసలు తలుపు తెరుచుకున్నది బెజవాడ రైల్వేస్టేషన్లో! నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య కంట పడ్డాడు. 1944లో వచ్చిన ‘శ్రీ సీతారామ జననం’లో రాముడయ్యాడు. ఆడవేషాల కుర్రాడిలో రాముణ్ని చూడటం... అదీ చూపంటే.

ఆ స్టేషన్లో రోజూ ఎన్ని వందల మంది కుర్రాళ్లు రైలెక్కి దిగి ఉంటారు? ఎంతమంది నిర్మాతలు వాళ్ల పక్కనుంచే నడిచిపోయి ఉంటారు? అక్కినేనికి కలిసొచ్చింది నిజమే. కానీ ఆ ఒక్క చూపుకు అందడానికి వెనకాల ఏళ్ల తరబడి నాటకాల రాత్రులున్నాయి. పెద్ద చదువులు చదువుకోని ఆ నటుడి పేరుతోనే గుడివాడలో కాలేజీ నడుస్తోంది. దానికి ఆయన విరాళమూ ఉంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రయాణంలోనూ ఇలాంటి మలుపులు చాలానే ఉన్నాయి. అదంతా ఇక్కడ మొదలుపెడితే రైలు వెళ్లిపోతుంది.

గుడివాడ జంక్షన్ నుంచి బందరు వెళ్లే బండి గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు మీదుగా పెడనకు చేరుతుంది. ఇక్కడ మాత్రం దిగాలి. తొందరగా కదిలే ఊరు కాదిది.

తుప్పు చెప్పిన రహస్యం

పెడనలో కలంకారీ అంటే కలంతో గీసేది కాదు, అచ్చులతో అద్దేది. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. టేకు చెక్క మీద పువ్వునో లతనో చెక్కి, రంగులో ముంచి, బల్ల మీద పరిచిన గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు. మళ్లీ ముంచడం, మళ్లీ గుద్దడం. ఒక చీరకు ఆ చప్పుడు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టడం మొదలుపెడితే కాసేపటికి మనకే లెక్క తప్పుతుంది.

చూడాల్సింది అచ్చు కాదు, నలుపు. ముందుగా నూలుగుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. మరోపక్క కుండలో తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్లు వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ కుండలోది చూడ్డానికి నల్లగా ఉండదు, మురికినీళ్లలా ఉంటుంది. దాన్ని కరక్కాయ గుడ్డ మీద అద్దితే చాలు... నలుపు పుట్టుకొస్తుంది! పులిసిన బెల్లంలోని ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. కరిగిన ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. నూలుపోగును పట్టుకుని ఇక వదలదు. ఇవాళ రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు ఇదంతా రెండు వాక్యాల్లో చెప్పేస్తారు. ఏ పుస్తకమూ లేని రోజుల్లో దీన్ని ఎవరు కనిపెట్టారు?

ఆ పేరు చరిత్రలో లేదు. ఊహించడమే. బెల్లం కుండలో ఏ మేకో, కొడవలి ముక్కో పడి ఉంటుంది. పారబోసేలోగా కాసిని చుక్కలు కరక్కాయ పట్టిన గుడ్డ మీద చింది ఉంటాయి. మరక పడింది. ఆ ఇంట్లో ఎవరో ఒకరు తిట్టే ఉంటారు, గుడ్డ పాడైందని. ఇంకెవరో దాన్ని ఉతికి చూసి ఉంటారు. పోలేదు. మళ్లీ ఉతికారు. పోలేదు. ‘పోవడం లేదే’ అన్న విసుగు ‘పోవడం లేదే!’ అన్న ఆశ్చర్యంగా మారిన క్షణం ఒకటి ఉండి తీరాలి. తెలుగులో ఆ రెండూ ఒకే మాట. తేడా అంతా గొంతులోనే.

ఎరుపు కథ ఇంకా చిత్రం. పాతరోజుల్లో ఈ తీరపు ఎరుపంతా చిరువేరు నుంచే వచ్చేది. ఇసకనేలల్లో మొలిచే చిన్న మొక్క వేరు అది. గవ్వలు, ఆల్చిప్పలు అరిగి కలిసిన సున్నపు ఇసకలో పెరిగితే దాని రంగు మరింత నిగ్గుతేలుతుంది. ఆ ఇసకను అక్కడికి చేర్చింది కృష్ణ, సముద్రం. ఏ అద్దకంవాడూ అడగలేదు వాటిని. కానీ ఏ తిప్ప మీది వేరు మంచిదో కనిపెట్టింది మాత్రం వాళ్లే. 17వ శతాబ్దం మొదట్లో బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథోల్డ్ ఈ బట్టలను చూసి, గుడ్డ ఉన్నంతకాలం రంగు ఉంటుందని ఆశ్చర్యపోతూ రాసుకున్నాడు.

ఆ రంగుల కోసమే ఓడలొచ్చాయి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో కోఠీలు పెట్టారు. పారశీక వర్తకులైతే అప్పటికే ఉన్నారు. ‘కలంకారీ’ అన్న పేరే పారశీకం. వీళ్లంతా ఊరికే కొనుక్కుపోలేదు. మాకిలా కావాలి, అలా కావాలి అని నమూనాలు తెచ్చారు. 1643లో లండన్లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్ కోఠీకి ఉత్తరం రాశారు... ఎర్రని నేల మీద పువ్వులు మావాళ్లకు నచ్చడం లేదు, తెల్లనేల మీద రంగుల పువ్వులు వేయించమని. అలాంటి కోరికలు కోరమండల్ తీరానికీ వచ్చాయి.

ఇక్కడే అసలు గమ్మత్తు. లండన్ నుంచి వచ్చిన కాగితం మీది పువ్వును ఈ తీరపు పనివాడు ఎన్నడూ చూసి ఎరగడు. అది ఏ చెట్టుకు పూస్తుందో, దాని ఆకు ఎలా ఉంటుందో తెలియదు. తెలియదని చేతులు కట్టుకుని కూర్చోలేదు. తెలిసిన ఆకును తెలియని కొమ్మకు తగిలించాడు. చైనా నుంచి పర్షియా మీదుగా వచ్చిన రాతిగుట్టను అడుగున పెట్టాడు. దాని మీంచి మెలికలు తిరిగిన చెట్టు లేపాడు. ఒకే కొమ్మకు నాలుగు రకాల పువ్వులు పూయించాడు. అలా ఏ దేశపు తోటలోనూ లేని చెట్టు ఒకటి గుడ్డ మీద మొలిచింది. యూరప్ దాన్ని చూసి వెర్రెత్తిపోయింది. ఆ చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందని పరిశోధకులు తర్వాత ఏళ్లతరబడి వాదించుకున్నారు. ఒకచోటి నుంచి రాలేదన్నదే చివరికి తేలింది. ఇవాళ లండన్లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ తీరపు బట్టలు అద్దాల వెనక ఉన్నాయి.

ఎంత వెర్రి అంటే, తమ నేతగాళ్లు మునిగిపోతున్నారని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు ఇలాంటి బట్టల మీద నిషేధాలు పెట్టాల్సి వచ్చింది. అయినా మోజు చావలేదు. దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. 1856లో లండన్లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోతే అడుగున నల్లటి మడ్డి మిగిలింది. కడిగి పారేయబోతూ చూశాడు... ఊదారంగు! అలా మొదలైంది కృత్రిమ రంగుల పరిశ్రమ. 1868లో జర్మన్ రసాయనవేత్తలు చిరువేరులోని ఎరుపునే, అదే అలిజరిన్‌ను, ప్రయోగశాలలో తయారుచేసేశారు. ఒకచోట మరకను తిప్పిచూసిన కన్ను ఇంకోచోటి పొయ్యిలు ఆర్పేసింది. ఇవాళ పెడన రంగుపాత్రల్లో ఎరుపు కూడా చాలావరకు అలిజరినే.

ఇప్పటి పోటీ స్క్రీన్ ప్రింటింగుతో, కంప్యూటర్ అచ్చుతో. అవే పువ్వులు, అవే లతలు, బోలెడు తక్కువ ధర. చేతి అచ్చును గుర్తుపట్టాలంటే తెలిసినవాళ్లు తప్పుల కోసం వెతుకుతారు. ఎక్కడో ఒకచోట అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది, రంగు గీత దాటి కాస్త ఒలుకుతుంది. యంత్రానికి ఆ జారుడు లేదు. బాధాకరమేమిటంటే, చేత్తో అద్దేవారికి వచ్చే ఆర్డర్లు కూడా ఇప్పుడు ‘ఫొటోలో ఉన్నట్టే కావాలి’ అంటున్నాయి. లండన్ కాగితాన్ని తనకు తోచినట్టు చదువుకున్న పనివాడికి, ఫోనులోని బొమ్మను పొల్లుపోకుండా దించాల్సిన పనివాడికి మధ్య దూరం చాలా ఉంది. కలంకారీకి వచ్చిన కష్టం ధర ఒక్కటే కాదు, అదీను.

వద్దన్న అక్షరం

పెడన తర్వాత చిలకలపూడి, ఆ తర్వాత బందరు. ఊళ్లో పేటల పేర్లే చెబుతాయి, ఎవరెవరు వచ్చి వెళ్లారో. ఇంగ్లీషుపాలెం ఇంగ్లీషువాళ్లది. వలందపాలెం డచ్చివాళ్లది. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. మజ్లిన్ అన్న మాట మచిలీపట్నం నుంచే వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. నిఘంటువులు మాత్రం ఇరాక్‌లోని మోసుల్ వైపు చూపిస్తాయి. పోనిద్దురూ, ఒక్క మాట పోతే బందరుకు వచ్చే లోటేం లేదు. లడ్డూ అయితే ఉంది కదా! బుందేల్‌ఖండ్ నుంచి వలసవచ్చిన మిఠాయివాళ్లు ఇక్కడికి తెచ్చారని చెబుతారు. శనగపిండిని పూసగా వేయించి, అక్కడితో ఆగకుండా రోట్లో పోసి దంచి, జల్లించి, పాకం పట్టి, మళ్లీ దంచి చుడతారు. అందుకే తొక్కుడు లడ్డూ. వేయించిన పూసను దంచాలని మొదట తోచిన మనిషెవరో గానీ, ఏళ్లుగా ఆ పని చేస్తున్న చేతులు పడే శ్రమ మాత్రం కాకతాళీయం కాదు.

ఈ ఊళ్లోనే హిందూ హైస్కూల్లో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తెలుగు పాఠం చెప్పారు. దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి తిరుపతి వేంకట కవులుగా ఊరూరా అవధానాలు చేసి గజ్జెకట్టిన జంటలో ఒకరు. అవధానం అంటే జ్ఞాపకశక్తి విద్య అనుకుంటారు చాలామంది. సగమే నిజం. మిగతా సగం... అనుకోనిదాన్ని అతిథిలా లోపలికి పిలవడం.

నిషిద్ధాక్షరి చూడండి. అవధాని పద్యం మొదలుపెడుతూ ఒక అక్షరం చెబుతాడు. తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి, అది వద్దంటాడు. అవధాని దారి మార్చి వేరే అక్షరం వేస్తాడు. దాని తర్వాతదీ వద్దంటాడు. అనుకున్న మాట మూసుకుపోతుంది. అలవాటైన సమాసం మూసుకుపోతుంది. అప్పుడు అవధాని నోటి నుంచి తాను మామూలుగా ఎన్నటికీ వాడని మాట ఒకటి వస్తుంది. సభ చప్పట్లు కొట్టేది దానికే. దత్తపదిలోనూ అంతే. కాఫీ, టీ, ఇడ్లీ, సాంబారు అనే మాటలిచ్చి భారతయుద్ధాన్ని వర్ణించమనవచ్చు. వాటిని ఏ సంస్కృత సమాసాల మధ్యో విరిచి దాచి, కురుక్షేత్రంలో నిలబెట్టాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగంవాడు ‘మీ ఇంట్లో ఇవాళ కూరేంటి?’ అని అడుగుతాడు. దానికీ చెప్పాలి, నవ్వుతూ. కొత్తమాట కోసం దారులను కావాలని మూసుకునే ఇలాంటి విద్యను తెలుగువాళ్లు పండగలా జరుపుకొన్నారు.

ఆ హైస్కూల్లో చెళ్లపిళ్ల వారి పాఠం విన్న పిల్లల్లో నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు. పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు. విశ్వనాథకు తర్వాత జ్ఞానపీఠం వచ్చింది. మిగతా ఇద్దరూ కలిసి ‘సౌందరనందం’ రాశారు. చెళ్లపిళ్లవారి ‘కథలు-గాథలు’ చదివినవాళ్లకు తెలుసు, ఆయన ఒక విషయం మొదలుపెట్టి ఎన్ని ఊళ్లు తిరిగి దాని దగ్గరకు వస్తారో. సిలబస్ పూర్తిచేయని మాస్టారు అంటారేమో ఇప్పుడైతే.

ఆలస్యమైన జెండా

బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. పుస్తకం చదువుతోపాటు చేతిపనులూ నేర్పే చోటది. బెంగాల్ నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు బొమ్మలు నేర్చుకున్నది అక్కడే. ఆ కళాశాలలోనే పాఠం చెప్పిన ఇంకొక మనిషి కోసం బందరు నుంచి పొలాల మధ్యగా మొవ్వ వైపు వెళ్లాలి. దారిలో భట్లపెనుమర్రు. పింగళి వెంకయ్య పుట్టిన ఊరు.

1876 ఆగస్టు 2న పుట్టిన ఈ వెంకయ్యకు ఊరి జనం ఒక్క పేరుతో సరిపెట్టలేకపోయారు. పత్తి మీద పరిశోధనలు చేసినందుకు ‘పత్తి వెంకయ్య’. జపాన్ భాష నేర్చినందుకు ‘జపాన్ వెంకయ్య’. వజ్రాల గనుల గురించి చదివినందుకు ‘డైమండ్ వెంకయ్య’. కుర్రతనంలో దక్షిణాఫ్రికా వెళ్లి బోయర్ యుద్ధంలో సైనికుడిగా పనిచేశాడు. గాంధీ పరిచయం అక్కడిదే. ఇలాంటి కొడుకు ఇవాళ కృష్ణా జిల్లాలో ఏ ఇంట్లో ఉన్నా, ‘ఏదో ఒకటి తిన్నగా చదివి చావరా’ అని తిట్లు తినేవాడు. అప్పుడూ తినే ఉంటాడు.

1916లో ఆయన భారతదేశానికి జెండా ఎలా ఉండాలో చెబుతూ పుస్తకం అచ్చువేశాడు. అందులో ముప్ఫై నమూనాలున్నాయి. ఏళ్ల తరబడి కాంగ్రెస్ సభల్లో కనిపించిన నాయకుడినల్లా పట్టుకుని జెండా గురించే మాట్లాడాడు. గాంధీజీ ఆ పట్టుదలను మెచ్చుకున్నారు గానీ, ఆ నమూనాల్లో ఏదీ జాతిని కదిలించేదిగా ఆయనకు కనిపించలేదు. ఐదేళ్లు గడిచాయి. రాట్నాన్ని జెండా మీద పెడితే బాగుంటుందన్న మాట జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ నోటి నుంచి వచ్చింది. గాంధీజీకి అది తగిలింది. 1921 మార్చి నెలాఖరులో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు. అక్కడున్న వెంకయ్యను పిలిచి ఎరుపు, ఆకుపచ్చ మీద రాట్నంతో నమూనా అడిగారు. మూడు గంటల్లో జెండా సిద్ధం!

కానీ ఆ మూడు గంటలూ కాస్త ఎక్కువయ్యాయి. సమావేశం ముందు పెట్టడానికి సమయం మించిపోయింది. జెండా ఆలస్యంగా చేరింది. ఎవరైనా ఏమంటారు? అయ్యో అంటారు. గాంధీజీ మాత్రం 1921 ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో, అలా ఆలస్యమైనందుకు సంతోషమే అని రాశారు. ఎందుకంటే ఆ వ్యవధిలో ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లింలకు అయితే మిగతా మతాలవాళ్లు ఏమైనట్టు? అందుకే తెలుపు కావాలన్నారు. ఆ తొలి జెండాలో తెలుపు పైన, పచ్చ మధ్యలో, ఎరుపు అడుగున ఉండేవి. 1931లో రంగులూ వరసా మారాయి, తెలుపు మధ్యలోకి వచ్చింది. 1947 జులై 22న రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది. తెలుపు మాత్రం నిలిచిపోయింది. ఒక మనిషి ఐదేళ్ల పిచ్చి, ఇంకొకాయన నోటిమాట, కొద్దిపాటి ఆలస్యం... వీటిలో ఏది లేకపోయినా మన జెండా ఇలా ఉండేది కాదు. వెంకయ్య 1963 జులై 4న కన్నుమూశాడు. చివరిరోజులు పేదరికంలో గడిచాయి. అన్నింటికీ తలుపులు తెరిచి ఉంచిన ఇంట్లోకి లక్ష్మి కూడా వస్తుందన్న హామీ ఏమీ లేదు.

ఇక్కడికి నాలుగడుగుల దూరంలో కూచిపూడి. మగవాళ్లే ఆడవేషాలు కట్టిన ఆ కళను వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి లాంటి గురువులు ఆడపిల్లలకు నేర్పి, ఒంటరిగా చేసే నాట్యంగా మలచకపోతే అది ఇన్ని దేశాలు తిరిగేదా? దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. చల్లపల్లి మీదుగా పులిగడ్డ దాటితే దివిసీమ.

కనిపెట్టుకుని ఉండటం

ఇప్పటిదాకా చెప్పుకొన్నదంతా ఇక్కడ ఒకసారి ఆగి సర్దుకోవాలి. అనుకోనిది వస్తే ఆహ్వానించాలని ఎక్కడైనా చెప్పవచ్చు, అవనిగడ్డలో, నాగాయలంకలో చెప్పడం కష్టం. 1977 నవంబరు 19న ఇక్కడికి అనుకోనిది వచ్చింది. దాని పేరు ఉప్పెన. మైళ్ల కొద్దీ లోపలికి సముద్రం నడిచొచ్చింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. తాటిచెట్లు పట్టుకున్నవాళ్లలో కొందరు బతికారు. బందరుకైతే అంతకు ముందే 1864 నవంబరు 1 రాత్రి ఉంది. ముప్ఫైవేల ప్రాణాలు పోయాయి. రేవు మళ్లీ పూర్వంలా కోలుకోలేదు. పక్క మండలంలోని ఘంటసాల ఒకప్పుడు టాలెమీ రాతల్లోకి ఎక్కిన రేవు. ఇప్పుడు అక్కడి నుంచి సముద్రం కనిపించదు. నది మేట వేసుకుంటూ పోయింది, సముద్రం వెనక్కి జరిగింది. ఈ నేలే అలా అనుకోకుండా ఏర్పడింది.

అందుకేనేమో, తెలుగులో ఒక మాట ఇక్కడ కొత్తగా వినిపిస్తుంది. కొత్తది కనుక్కోవడాన్ని మనం ‘కనిపెట్టడం’ అంటాం. జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన రాత్రంతా కూర్చోవడాన్నీ, వరద రోజుల్లో గట్టు మీద లాంతరుతో తిరగడాన్నీ ‘కనిపెట్టుకుని ఉండటం’ అంటాం. కన్ను పెట్టడమే రెండూ. 1977 తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. బందరులో వాతావరణశాఖ డాప్లర్ రాడార్ సముద్రం మీది మబ్బులను కనిపెట్టుకుని ఉంది. పెడనలో మరకను చూసిన కన్నూ, ఇక్కడ మబ్బును చూసే కన్నూ వేరు కాదు. ఒకటి రానివ్వడానికి, ఒకటి తప్పించుకోవడానికి. కాకపోతే ఏ అనుకోనిది ఏ రకందో వచ్చేదాకా తెలియదు. దివిసీమ రైతు ఆకాశాన్ని చూసే చూపులో ఆ రెండూ కలిసే ఉంటాయి. అదే మబ్బు నారుమడిని తడపనూ వచ్చు, పండిన చేను ముంచనూ వచ్చు. 2023 మేలో బందరు దగ్గర కొత్త రేవు పనులు మొదలయ్యాయి. ఈసారి ఏ ఓడలు ఏం తెస్తాయో!

తిరుగుదారిలో కరకట్ట మీదుగా బెజవాడ వైపు వస్తే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం తగులుతుంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఇది ఆంధ్ర మహావిష్ణువు కొలువైన చిన్న ఊరు. సుమారు ఐదొందల ఏళ్ల కిందట శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడు. రాసుకోవడానికి రాలేదు, కళింగ గజపతి మీద యుద్ధానికి వెళ్తున్నాడు. బెజవాడలో కొన్నాళ్లుండి ఇక్కడికి వచ్చాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. తెల్లవారుజామున కల. కలలో ఆంధ్ర విష్ణువు కనిపించి, సంస్కృతంలో అన్ని రాశావు కదా, మాకు తెలుగులో ఒక కావ్యం రాయవా అన్నాడు. గోదాదేవి కథ రాయమని ఆ కథ పేరు కూడా చెప్పాడు. ఇదంతా రాయలే తన ‘ఆముక్తమాల్యద’ పీఠికలో చెప్పుకొన్నాడు.

కల అనేది బయటి నుంచి వచ్చిందా, లోపల్నుంచా? భక్తుడు ఒకటంటాడు, మనస్తత్వవేత్త ఇంకోటంటాడు. చుట్టూ తెలుగు వినిపిస్తున్న నేల, ఖాళీ కడుపు, యుద్ధానికి ముందు రాత్రుల నిద్ర... అన్నీ కలిశాయి. నాకు కల ‘వచ్చింది’, ఆలోచన ‘తోచింది’ అంటాం మనం. నేను తెచ్చాను, నేను తోపించాను అనం. కానీ ఎన్ని లక్షల కలలు పొద్దున్నే పళ్లు తోముకునేలోగా చెరిగిపోతాయి! సేనలు కదలాల్సిన పొద్దున రాజు లేచి ఈ కలను మర్చిపోలేదు. విద్వాంసులను కూర్చోబెట్టుకుని చెప్పాడు.

ఆ తర్వాత దండు ఉత్తరానికి కదిలింది. రాయలు గెలిచాడు. సింహాచలంలో శాసనం వేయించాడు. సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను గజపతికే తిరిగి ఇచ్చేశాడు. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు మాత్రం ఇప్పటికీ ప్రతి ఏడూ ఆముక్తమాల్యదతో కుస్తీ పడుతూనే ఉన్నారు.